బ్లెండర్‌లో వస్తువులు నిజంగా కదిలినట్లు కదలాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లెండర్ అనే ఉచిత 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవారు మోడలింగు, లైటింగు దాటి ఫిజిక్స్ ట్యాబుకు వచ్చేసరికి దాదాపు అందరూ ఒకేచోట చిక్కుకుంటారు. బొమ్మ చక్కగా కుదురుతుంది, కదలిక మాత్రం నమ్మబుద్ధి కాదు. నా దగ్గర నేర్చుకున్నవారు పదే పదే అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాశాను. మెనూలో కనిపించే పేర్లను తెలుగు లిపిలో అలాగే ఉంచాను. ఫ్రేముల అంకెలన్నీ సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఇచ్చినవి.

సిమ్యులేషన్ అంటే అసలు ఏం జరుగుతుంది? కీఫ్రేములకూ దానికీ తేడా ఏమిటి?

కీఫ్రేములు పెట్టేటప్పుడు ఏ ఫ్రేములో వస్తువు ఎక్కడ ఉండాలో మీరే చెబుతారు. సిమ్యులేషన్‌లో ఆ సంగతి చెప్పరు. వస్తువు బరువెంత, ఎంత గరుకుగా ఉంది, దేనికి తగిలే వీలుంది, మొదట ఎక్కడ ఉంది, ఇంతవరకే చెబుతారు. తర్వాతి ఫ్రేములో అది ఎక్కడ ఉంటుందో కంప్యూటర్ న్యూటన్ సూత్రాలతో లెక్కగడుతుంది. ఆ ఫలితాన్ని పట్టుకుని ఆ పై ఫ్రేము లెక్కిస్తుంది. 200వ ఫ్రేములో ఏం జరుగుతుందో తెలియాలంటే ముందున్న 199 ఫ్రేముల లెక్క తేలవలసిందే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే కింద రాసిన చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

గట్టి వస్తువులకు రిజిడ్ బాడీ, బట్టలకు క్లాత్, మెత్తటి వాటికి సాఫ్ట్ బాడీ, నీళ్లకూ పొగకూ ఫ్లూయిడ్ ఉన్నాయి. రిజిడ్ బాడీ లెక్కలు చేసేది ఎర్విన్ కూమన్స్ మొదలుపెట్టిన బుల్లెట్ అనే లైబ్రరీ. ఫ్లూయిడ్ లెక్కలను 2020లో వచ్చిన 2.82 నుంచి మాంటాఫ్లో చూసుకుంటోంది.

బల్ల మీది నుంచి గ్లాసు పడేశాను. చందమామ మీద పడుతున్నట్లు తేలుతూ పడుతోంది. ఎందుకు?

నాకు అందరికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. నూటికి తొంభైసార్లు జవాబు ఒక్కటే: మీ గ్లాసు కొలత తప్పు.

కొత్త ఫైలు తెరవగానే కనిపించే ఘనం ఒక్కో వైపు 2 మీటర్లు ఉంటుంది. చాలామంది దాని పక్కనే, దానికి సరిపోయేలా గ్లాసు తయారుచేస్తారు. తెరమీద చూస్తే గ్లాసులాగే ఉంటుంది, కాని బ్లెండర్ లెక్కలో అది మనిషి కంటే ఎత్తైన గ్లాసు. ఇప్పుడు లెక్క చూడండి. మన ఇంట్లో స్టీలు గ్లాసు ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు, బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకుందాం. 75 సెంటీమీటర్లు పడటానికి 0.39 సెకను పడుతుంది, అంటే తొమ్మిది ఫ్రేములు దాటి పదో ఫ్రేములో నేలను తాకుతుంది. గ్లాసు 2 మీటర్లుంటే దానికి తగ్గ బల్ల 15 మీటర్ల ఎత్తు ఉన్నట్లు. అక్కడినుంచి పడటానికి 1.75 సెకను కావాలి, దాదాపు 42 ఫ్రేములు. గురుత్వాకర్షణ రెండింటికీ ఒకటే, సెకనుకు సెకనుకు 9.81 మీటర్లు. కొలత 20 రెట్లు పెరిగితే సమయం దాని వర్గమూలమంత, అంటే సుమారు నాలుగున్నర రెట్లు పెరిగింది. తొమ్మిది పది ఫ్రేముల్లో జరగవలసినది 42 ఫ్రేములు సాగితే కన్ను వెంటనే పట్టేస్తుంది. కారణం తెలియకపోయినా "తేలుతోంది" అనిపిస్తుంది.

మనకు బరువు కంటికి కనిపించదు. ఎంతసేపట్లో పడింది, తగిలాక ఎంతసేపు దొర్లింది, ఎప్పుడు ఆగింది అన్నదాన్ని బట్టే కన్ను బరువును, పరిమాణాన్ని ఊహించుకుంటుంది. అందుకే సిమ్యులేషన్‌లో నేను మొట్టమొదట పట్టుకునేది టేపు, ఆ తర్వాత స్టాప్‌వాచ్. సెట్టింగుల జోలికి వెళ్లేది ఆ తర్వాతే. గ్లాసు అయితే 0.1 మీటరు, తలుపు అయితే 2 మీటర్లు, ఆటో అయితే ఆటో అంత. ఎన్ నొక్కితే తెరుచుకునే ప్యానెల్‌లో డైమెన్షన్స్ అనే చోట కొలతలు కనిపిస్తాయి, వాటిని నిజం చేయండి.

సినిమా వాళ్లకు ఈ వర్గమూలం సంగతి కంప్యూటర్లు రాకముందే తెలుసు. చిన్న నమూనా కట్టి పెద్ద భవనం కూలినట్లు చూపించాలంటే కెమెరాను వేగంగా తిప్పేవారు. నమూనా అసలులో 25వ వంతు అయితే ఐదు రెట్ల వేగం, అంటే సెకనుకు 120 ఫ్రేములు తీసి 24 ఫ్రేముల వేగంతో చూపేవారు. మీరు తెలియక చేసిన తప్పునే వాళ్లు తెలిసి, కావాలని చేశారు.

అలా అయితే ద్రవ్యరాశి పెంచితే త్వరగా పడుతుందిగా?

పడదు. కిలో రాయి, పది కిలోల రాయి ఒకేసారి వదిలితే ఒకేసారి నేలను తాకుతాయి. బ్లెండర్‌లోనూ అంతే. మాస్ అంకె పనిచేసేది వస్తువులు ఒకదానికొకటి తగిలినప్పుడు: ఏది ఎవరిని నెట్టేస్తుంది అన్నది అదే తేలుస్తుంది. ఇటుకల గోడను ఇనుప గుండు పడగొట్టాలంటే గుండు మాస్ ఎక్కువ ఉండాలి. మరీ ఎక్కువ పెట్టకండి. తేలికైన దాని మీద చాలా బరువైనది కూర్చుంటే బుల్లెట్ తడబడుతుంది, కిందిది నలిగి వణుకుతుంది. ఒకదానికొకటి తగిలే వస్తువుల మాస్ తేడా పదిరెట్లు దాటకుండా చూసుకుంటే మంచిది.

ఈక, ఆకు, కాగితం లాంటివి నిదానంగా పడేది గాలి అడ్డుపడటం వల్ల. రిజిడ్ బాడీకి గాలి తెలియదు. డ్యాంపింగ్ (కదలికను క్రమంగా తగ్గించే అంకె) పెంచితే కొంత మేనేజ్ చేయవచ్చు. కాగితానికైతే క్లాత్ వాడటమే నయం.

స్కేల్ అప్లై చేయమని అందరూ చెబుతారు. ఎందుకు?

ఆబ్జెక్ట్ మోడ్‌లో ఎస్ నొక్కి సాగదీస్తే మెష్ (వస్తువు ఆకారాన్నిచ్చే బిందువుల అల్లిక) మారదు, దాని మీద ఒక గుణకం మాత్రం కూర్చుంటుంది. ఆ గుణకాన్ని కొన్ని లెక్కలు ఒకలా, కొన్ని మరోలా తీసుకుంటాయి. కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేస్తే గుణకం 1 అవుతుంది, గందరగోళం తీరుతుంది. సిమ్యులేషన్ మొదలుపెట్టే ముందే చేయండి.

బంతి గోడలోంచి దూసుకుపోతోంది. గోడ ఉందని దానికి తెలియదా?

నిజంగానే తెలియదు. క్రికెట్ బంతినే తీసుకోండి. గంటకు 140 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు, అంటే ఒక్క ఫ్రేముకు 1.62 మీటర్లు. బ్లెండర్ రిజిడ్ బాడీ ప్రతి ఫ్రేమునూ మామూలుగా పది సబ్‌స్టెప్పులుగా, అంటే లెక్కలో చిన్న చిన్న అడుగులుగా, విడగొడుతుంది. ఒక్కో అడుగులో బంతి 16 సెంటీమీటర్లు దూకుతుంది. బంతి అడ్డకొలత 7 సెంటీమీటర్ల చిల్లర, బ్యాటు మందం నిబంధనల ప్రకారం 6.7 సెంటీమీటర్లు మించకూడదు. రెండూ కలిపినా 14 సెంటీమీటర్లు లేవు. ఒక అడుగులో బంతి బ్యాటుకు ముందుంది, తర్వాతి అడుగులో వెనక ఉంది. మధ్యలో తగిలిన క్షణం లెక్కలోకి రాలేదు, కనుక తగలలేదు.

సీన్ ప్రాపర్టీస్‌లో రిజిడ్ బాడీ వరల్డ్ కింద సబ్‌స్టెప్స్ పర్ ఫ్రేమ్ 40 చేస్తే ఒక్కో అడుగు 4 సెంటీమీటర్లకు తగ్గుతుంది, బంతి తప్పించుకోలేదు. గోడలకూ నేలకూ ఇంకో ఉపాయం ఉంది: ఒక్క పలుచని ప్లేనుకు బదులు మందమైన పెట్టె పెట్టండి. వెనకవైపు కెమెరాకు కనిపించదు కాబట్టి ఎంత మందమైనా నష్టం లేదు.

గిన్నెలో గోలీలు పోస్తే లోపలికి పోకుండా పైనే ఆగిపోతున్నాయి.

గిన్నె కొలిజన్ ఆకారం (తగలడం లెక్కించడానికి బుల్లెట్ వాడే ఆకారం) చూడండి, కాన్వెక్స్ హల్ అని ఉంటుంది. గిన్నె చుట్టూ బిగుతుగా కాగితం చుట్టి, మూతి మీద కూడా కప్పేస్తే ఏ ఆకారం వస్తుందో అదే కాన్వెక్స్ హల్. బుల్లెట్ దృష్టిలో మీ గిన్నెకు గుంట లేదు, మూసిన డబ్బా అది. కదలని గిన్నె అయితే పాసివ్ (తాను కదలక, తగిలేవాటిని ఆపేది) చేసి ఆకారాన్ని మెష్‌గా మార్చితే సరిపోతుంది. గిన్నె కూడా దొర్లాలి అంటే మెష్ నెమ్మదిస్తుంది, నమ్మకంగానూ ఉండదు. అప్పుడు గిన్నె గోడను చిన్న చిన్న పలకలుగా చేసి, వాటన్నింటినీ కాంపౌండ్ పేరెంట్ కింద చేర్చండి. కొంచెం శ్రమ, కాని నిలుస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి. గోలీలు గిన్నె అడుగుకు తగలకుండా గాలిలో నిలబడినట్లు కనిపిస్తే అది మార్జిన్, అంటే ఆకారం చుట్టూ బుల్లెట్ వదిలే సందు, చేసే పని. మామూలుగా అది 0.04 మీటరు. నాలుగు సెంటీమీటర్లంటే గోలీ కంటే పెద్దది! దాన్ని మిల్లీమీటరుకు దించండి. మరీ చిన్న వస్తువులతో బుల్లెట్‌కు ఇబ్బందే. గోలీలు, బియ్యపు గింజలు లాంటి షాట్లకు నేను దృశ్యం మొత్తాన్ని పదిరెట్లు పెంచి, గురుత్వాకర్షణను కూడా పదిరెట్లు, అంటే 98.1 చేస్తాను. రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగాయి కనుక సమయం మారదు, గోలీ గోలీలాగే పడుతుంది.

ప్లే నొక్కగానే వస్తువులన్నీ పేలిపోయి నలుదిక్కులా ఎగిరిపోతున్నాయి.

రెండు వస్తువులు మొదటి ఫ్రేములోనే ఒకదానిలో ఒకటి దూరి ఉంటే, బుల్లెట్ వాటిని విడదీయడానికి గట్టిగా నెడుతుంది. పేలుడులా కనిపించేది ఆ నెట్టుడే. ఇటుకల మధ్య వెంట్రుకవాసి సందు వదలండి. గోడ దెబ్బ తగిలేదాకా కదలకూడదంటే డైనమిక్స్‌లో డీయాక్టివేషన్, దాని కింద స్టార్ట్ డీయాక్టివేటెడ్ పెట్టండి.

స్ప్రింగులు, బట్టలు పేలిపోయే కారణం వేరు, దాన్ని తెలుసుకోవడం నాకు ఎప్పుడూ ఆనందమే. సాగిన స్ప్రింగు వెనక్కి లాగుతోంది. ఈ క్షణంలో ఉన్న లాగుడు ఈ అడుగంతా అలాగే ఉంటుందని లెక్క కడితే, వస్తువు నడిమి చోటు దాటి అవతలికి మరింత దూరం పోతుంది. అక్కడ లాగుడు ఇంకా ఎక్కువ. మళ్లీ ఇవతలికి, ఇంకా ఎక్కువ దూరం. నాలుగు అడుగుల్లో అంకెలు అదుపు తప్పుతాయి. నిజమైన స్ప్రింగు ఇలా చేయదు, ఎందుకంటే ప్రకృతికి అడుగులు లేవు. 1987లో డిమిట్రి టెర్జోపౌలోస్, అతని సహచరులు సాగే వస్తువుల లెక్కను గ్రాఫిక్స్‌లోకి తెచ్చినప్పటినుంచీ ఈ బెడద వెంటాడుతూనే ఉంది. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ బట్టల కోసం చూపిన దారి పెద్ద మలుపు: అడుగు మొదట్లో ఉన్న బలాన్ని కాకుండా, అడుగు చివర ఉండబోయే బలాన్ని సమీకరణంగా రాసి సాధించడం. దానితో పెద్ద అడుగులు వేసినా బట్ట పేలదు. బ్లెండర్ క్లాత్‌దీ ఆ బాటే. దీనికి చెల్లించే వెల ఒకటుంది. కదలిక కాస్త త్వరగా చల్లబడుతుంది, బట్ట ఉండవలసినదానికంటే మందకొడిగా అనిపిస్తుంది. క్వాలిటీ స్టెప్స్ (ఒక్కో ఫ్రేముకు వేసే అడుగుల సంఖ్య) పెంచితే ఆ చురుకు కొంత తిరిగి వస్తుంది.

పాత్ర చేతిలోంచి విసిరిన బంతి ఆ తర్వాత తనంతట తాను ఎగరాలి. ఎలా?

బంతిని యాక్టివ్ రిజిడ్ బాడీ చేసి, యానిమేటెడ్ అన్న గడిలో టిక్ పెట్టి, దానికే కీఫ్రేము వేయండి. చేతిలో ఉన్నంతసేపు టిక్ ఉంటుంది, వదిలిన ఫ్రేములో తీసేసి మళ్లీ కీఫ్రేము వేయాలి. టిక్ పోగానే బంతి బుల్లెట్ అధీనంలోకి వెళ్తుంది. అప్పటిదాకా చేతితో వచ్చిన వేగాన్ని అందుకుంటుంది.

చాలామందికి బంతి చేతి దగ్గరే నిట్టనిలువుగా పడిపోతుంది. కారణం చివరి కీఫ్రేము దగ్గర బ్లెండర్ తానుగా వేసే మెత్తటి వంపు. కదలిక అక్కడ నెమ్మదించి సున్నాకు చేరుతుంది, వదిలే క్షణానికి అందుకోవడానికి వేగమే మిగలదు. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి చివరి రెండు మూడు ఫ్రేముల్లో గీత వంపు లేకుండా తిన్నగా, వేగం తగ్గకుండా ఉండేలా చేయండి. చేయి వదిలిన తర్వాత కూడా ఇంకో రెండు ఫ్రేములు ముందుకు పోతున్నట్లు కీఫ్రేములు పెట్టి, మధ్యలో టిక్ తీసేస్తే ఇంకా బాగుంటుంది.

చీర కట్టిన పాత్రను తయారుచేశాను. క్లాత్ పెట్టగానే చీర రబ్బరులా సాగుతోంది, లేదా జారిపోతోంది.

దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను, ఎందుకంటే దొరికే పాఠాలన్నీ చొక్కాలు, గౌన్లు, జెండాల గురించే. చీర కుట్టిన బట్ట కాదు. ఐదున్నర మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు వెడల్పు ఉన్న ఒకే గుడ్డ, మడతలూ బిగింపులే దాన్ని నిలబెడతాయి.

మొదట, చీర కట్టడాన్ని సిమ్యులేట్ చేయాలని చూడకండి. నడుము చుట్టూ తిప్పి, కుచ్చిళ్లు పోసి, దోపి, పైట వేయడమంతా కంప్యూటర్ చేత చేయించబోతే వారాలు పోతాయి. కట్టిన చీరనే మోడల్ చేయండి. కుచ్చిళ్ల మడతలు మోడల్‌లోనే ఉండాలి. తర్వాత నడుము దగ్గర దోపిన భాగం, భుజం మీద పిన్ను పెట్టే చోటు ఒక వర్టెక్స్ గ్రూపులో (బిందువుల గుంపులో) చేర్చి పిన్ చేయండి, అంటే శరీరానికి బిగించండి. నిజంగా చీర ఎక్కడ బిగుసుకుని ఉంటుందో అక్కడే పిన్ కూడా. మోకాళ్ల కిందికి వచ్చేసరికి పిన్ బిగింపు (వెయిట్ అంకె) సున్నా కావాలి. నడుము నుంచి తుంటి దాకా నిదానంగా తగ్గాలి. ఒక్కసారిగా తగ్గితే అక్కడ గీత గీసినట్లు మడత పడుతుంది.

రబ్బరులా సాగడానికి కారణం మెష్‌లో ఉంది. బ్లెండర్‌లో క్లాత్ బరువును వర్టెక్స్ మాస్ అంటారు. పేరులోనే ఉంది, అది ఒక్కో బిందువు బరువు. కాటన్ ప్రీసెట్‌లో 0.3 కిలో. చీరను సెంటీమీటరుకొక గడిగా విడగొడితే దాదాపు 64 వేల బిందువులు. వాటి మొత్తం బరువు 19 టన్నులు! అసలు చీర కిలో లోపే తూగుతుంది. స్ప్రింగుల బలం కూడా ఆ అంకెలకు తగ్గట్టే ఉంది కాబట్టి చిన్న గుడ్డ ముక్కకు ఇది తెలియదు. కాని నడుము నుంచి పాదాల దాకా వందగడులు వేలాడినప్పుడు పైనున్న స్ప్రింగు కిందివాటన్నింటి బరువునూ మోయాలి, అందుకే సాగుతుంది. గడులు పెంచిన ప్రతిసారీ టెన్షన్ (సాగకుండా ఆపే బలం) పెంచాలి, మాస్ తగ్గించాలి, క్వాలిటీ స్టెప్స్‌ను 5 నుంచి 12, 15 దాకా తీసుకెళ్లాలి. రెండు సెంటీమీటర్ల గడులతో పని కానిచ్చి, ఆ పైన గడులను నునుపుగా చీల్చే సబ్‌డివిజన్ మాడిఫైయర్ పెట్టడం నా పద్ధతి. మాడిఫైయర్ల వరుస మరవకండి: ఆర్మేచర్ (పాత్రను కదిలించే ఎముకల చట్రం), దాని కింద క్లాత్, ఆ కింద సబ్‌డివిజన్.

నేతను బట్టి కదలిక మారుతుంది. గంజి పెట్టిన నూలు చీర కుచ్చిళ్లు నడుస్తుంటే విడివిడిగా, పలకల్లా కదులుతాయి. దానికి బెండింగ్ (వంగకుండా ఆపే బలం) పెంచాలి. మెత్తటి పట్టుకు బెండింగ్ తగ్గాలి. గద్వాల చీర తీసుకుంటే ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే చీరలో రెండు స్వభావాలు. ప్రాపర్టీ వెయిట్స్‌లో అంచుకు ఒక వర్టెక్స్ గ్రూపు ఇచ్చి బెండింగ్‌ను వేరుగా పెట్టవచ్చు. జరీ అంచు గట్టిగా ఉండి గుడ్డను కిందికి లాగి నిలబెట్టడం, నడకలో అడుగు ముందుకు పడ్డాక అంచు ఒక క్షణం ఆలస్యంగా తిరగడం, ఈ రెండూ వస్తే చాలు, చూసేవాళ్లకు అది చీర అని మనసుకు తగులుతుంది.

సెల్ఫ్ కొలిజన్ టిక్ మొదట ఉండదు, పెట్టాలి. లేకపోతే కుచ్చిళ్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతాయి. చంక దగ్గర, మోచేతి మడతలో శరీరం శరీరంలోకే దూరితే మధ్య చిక్కిన బట్టకు పోవడానికి దారి లేక గింజుకుంటుంది. దానికి క్లాత్ సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, చేతిని శరీరానికి ఒక వేలు దూరంలో పెట్టేలా యానిమేషన్‌నే సరిదిద్దాలి. ఇంకా, షాట్ మొదటి ఫ్రేములోనే సిమ్యులేషన్ మొదలుపెట్టకండి. పాత్ర చేతులు చాచి నిలబడ్డ భంగిమలోంచి ముప్పై ఫ్రేముల్లో మొదటి భంగిమకు రానిచ్చి, ఇంకో ఇరవై ఫ్రేములు బట్ట సర్దుకోనిచ్చి, ఆ తర్వాత షాట్ తీసుకోండి.

జుంకాలు, జడ, ఉయ్యాల లాంటివి చేత్తో యానిమేట్ చేయవచ్చా?

చేయవచ్చు, చాలాసార్లు అదే మేలు. వేలాడేవాటి ఊపు సమయం పొడవును బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. 3 సెంటీమీటర్ల జుంకా ఒకసారి ఊగి తిరిగి రావడానికి 0.35 సెకను, అంటే ఎనిమిది ఫ్రేములు. 4 మీటర్ల తాళ్లతో చెట్టుకు కట్టిన ఉయ్యాలకు 4 సెకన్లు, 96 ఫ్రేములు. మీటరుకు కొంచెం తక్కువ జడకు సుమారు ఒకటిన్నర సెకను. కొత్తవాళ్లు ఈ మూడింటినీ ఇరవై ముప్పై ఫ్రేముల్లో ఊపుతారు. జుంకా గుడి గంటంత బరువుగా, ఉయ్యాల బొమ్మరింటి ఉయ్యాలలా కనిపిస్తాయి.

నడకను, పరుగును, ముఖకవళికలను సిమ్యులేషన్‌కు అప్పగించకండి. మనిషి కదలికలో ఉద్దేశం ఉంటుంది, దాన్ని న్యూటన్ సూత్రాలు చెప్పలేవు. ఆ కదలికకు వెనక వచ్చేవాటిని, అంటే కొంగు, జడ, సంచీ లాంటివాటిని అప్పగించవచ్చు.

నీళ్లు జిగురులా, పెద్ద పెద్ద ముద్దలుగా వస్తున్నాయి.

ఫ్లూయిడ్‌లో డొమైన్‌ను, అంటే నీళ్లు కదిలే పెట్టెను, బ్లెండర్ గడులుగా కోస్తుంది. రిజల్యూషన్ డివిజన్స్ మొదట 32 ఉంటుంది. 2 మీటర్ల డొమైన్‌కు ఒక్కో గడి 6 సెంటీమీటర్ల పైమాటే. అంత గడిలో పట్టే వివరం కంటే చిన్న తుంపర పుట్టదు. 128 చేస్తే గడి ఒకటిన్నర సెంటీమీటరు, 256 చేస్తే 8 మిల్లీమీటర్లలోపు. అంకె రెట్టింపైన ప్రతిసారీ గడులు ఎనిమిది రెట్లు అవుతాయి: ఘనాకారపు డొమైన్‌లో 32కు 32,768 గడులు, 256కు కోటీ 67 లక్షలకు పైగా. మెమరీ అందుకే నిండిపోతుంది. నీళ్లు ఎంతవరకు పాకుతాయో చూసి డొమైన్‌ను అంతకే కుదించండి. ఖాళీ గాలికి గడులు దండగ.

గ్లాసులోంచి నీళ్లు కారిపోతుంటే గ్లాసు గోడ ఒక గడికంటే పలుచగా ఉందన్నమాట. కనీసం రెండు గడుల మందం ఉన్న వేరే గ్లాసును ఎఫెక్టర్‌గా (నీళ్లను అడ్డుకునే వస్తువుగా) పెట్టి, దాన్ని రెండర్‌లో దాచేయండి.

పొగ సుడులు త్వరగా చచ్చిపోతున్నాయని అడుగుతుంటారు. 1999లో జోస్ స్టామ్ ఇచ్చిన పద్ధతి ఎంత పెద్ద అడుగు వేసినా పేలకుండా ద్రవాలను, వాయువులను లెక్కిస్తుంది, కాని ప్రతి అడుగులోనూ సుడులు కొంచెం అలుక్కుపోతాయి. ఆ కుటుంబానికి చెందిన పద్ధతులన్నింటిలోనూ ఈ గుణం ఉంది. వోర్టిసిటీ అన్న అంకె పోయిన సుడిని తిరిగి అందించడానికే. కొద్దిగా పెంచండి, ఎక్కువైతే పొగ ఉడుకుతున్నట్లు ఉంటుంది.

250వ ఫ్రేము తర్వాత అంతా ఆగిపోతోంది. ఇంకోసారి నడిపితే ఫలితం మారిపోతోంది.

రిజిడ్ బాడీ వరల్డ్‌లో క్యాష్ (లెక్కగట్టిన ఫ్రేములను దాచుకునే చోటు) ముగింపు 250 అని ఉంటుంది. షాట్ పొడవును దానికి వేరుగా చెప్పాలి. ఫలితం మారడానికి కారణం మధ్య ఫ్రేముల్లోకి దూకి చూడటం. ముందే చెప్పినట్లు ప్రతి ఫ్రేమూ ముందుదాని మీద ఆధారపడుతుంది. కుదిరిన ఫలితాన్ని వెంటనే బేక్ చేయండి, అంటే మారకుండా భద్రపరచండి. బేక్ చేసే ముందు ఫైలును సేవ్ చేయండి, డిస్క్ క్యాష్ అనే గడి కనిపిస్తే టిక్ పెట్టండి, ఫైలు పేరు మార్చకండి. ఫ్రేము రేటు కూడా మొదటే తేల్చుకోవాలి. బేక్ అయ్యాక 24ను 25 చేస్తే లెక్కంతా మళ్లీ మొదలు.

మంచి గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. బేక్ ఎందుకు వేగం కాలేదు?

బ్లెండర్‌లో క్లాత్, రిజిడ్ బాడీ, మాంటాఫ్లో లెక్కలన్నీ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. కార్డు రెండరింగుకు పనికొస్తుంది. సిమ్యులేషన్ కోసమే డబ్బు పెట్టదలిస్తే ప్రాసెసర్, ర్యామ్ చూడండి.

మాయా, హౌడినీ లాంటి ఇతర 3డీ సాఫ్ట్‌వేర్లలోనూ ఇవే నియమాలా?

భౌతికశాస్త్రం ఒకటే, కొలమానం వేరు. మాయా మామూలుగా సెంటీమీటర్లలో ఉంటుంది, బట్టల లెక్కలు చేసే దాని న్యూక్లియస్ మాత్రం ఒక యూనిట్‌ను మీటరు అనుకుంటుంది. స్పేస్ స్కేల్ 0.01 చేయకపోతే బట్టలు తేలతాయి. హౌడినీలో మీటర్లే. అందులోని వెల్లమ్ బట్టలకు చాలా బలమైనది.

ఒక్క అభ్యాసంతో మొదలుపెట్టాలంటే ఏం చేయమంటారు?

వంటింట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చి, నేలమీద అంచు మీద నిలబెట్టి తిప్పి వదలండి. ఫోనులో స్లో మోషన్‌లో తీయండి. పళ్లెం మొదట నిదానంగా తిరుగుతుంది, వంగుతుంది, వంగేకొద్దీ అంచు నేలను కొట్టే వేగం పెరుగుతుంది, ఆ గలగల చివరికి ఒకే మోతగా కలిసిపోయి టక్కున ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని బ్లెండర్‌లో, అదే కొలతలతో తెప్పించండి. మొదటిసారి మీ పళ్లెం చివరి మోత రాకుండానే మెత్తగా పడుకుంటుంది. రొటేషన్ డ్యాంపింగ్ మామూలుగా 0.1 ఉంటుంది, దాన్ని సున్నాకు దగ్గరగా తీసుకురండి. డీయాక్టివేషన్ టిక్ ఉంటే తీసేయండి, కదలిక తగ్గిందనుకుని పళ్లాన్ని అది నిద్రపుచ్చుతుంది. కొలిజన్ ఆకారంలో అంచు గుండ్రంగా ఉందో, పలకలు పలకలుగా ఉందో చూడండి. సబ్‌స్టెప్పులు పెంచండి. ఫోను వీడియోను పక్కన పెట్టుకుని, అంచు నేలను తాకిన ప్రతి ఫ్రేమునూ కాగితం మీద రాసుకుంటూ రెండింటినీ పోల్చండి.